తాళం వేసిన గదుల చరిత్ర: గావ్ హువా చేసిన పని

మావో 1966లో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవం పేరుతో చైనా అంతా అట్టుడికిపోతున్న రోజులవి. నాన్‌జింగ్ నగరంలో చావ్‌తియన్‌గాంగ్ అనే పాత కట్టడాల సముదాయంలో లైబ్రరీ పుస్తకాలను గదుల్లో పడేసి సీలు వేశారు. ఎవరూ చదవకూడని పుస్తకాలు. కాపలా ఉన్న పెద్దాయన మాత్రం మనసున్న మనిషి. దగ్గర్లో ఉండే ఒక కుర్రాడికి గుట్టుగా తలుపు తీసేవాడు. కుర్రాడు సంచీలో పట్టినన్ని పుస్తకాలు ఇంటికి మోసుకెళ్ళి, చదివేసి, తిరిగి తెచ్చిచ్చి, మళ్ళీ నింపుకునేవాడు. ఆ కుర్రాడి పేరు గావ్ హువా. తర్వాతి కాలంలో నాన్‌జింగ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడయ్యారు. ఆధునిక చైనా రాజకీయ చరిత్ర మీద చైనీస్‌లో వచ్చిన అతి ముఖ్యమైన పుస్తకాల్లో ఒకటి రాశారు. చైనా ప్రధాన భూభాగంలో ఆ పుస్తకం ఇంతవరకు అచ్చు కాలేదు.

ఆ వయసులో ఆయన చేతికి చిక్కిన రాతల్లో ఒకటి వాంగ్ షీవెయ్ వ్యాసం. వాంగ్ 1942లో వాయవ్య చైనాలోని కమ్యూనిస్టుల స్థావరం యెనాన్‌లో ఉన్న రచయిత, అనువాదకుడు. అందరూ సమానమని చెప్పే విప్లవ రాజధానిలో ‘బట్టలు మూడు రంగులు, తిండి ఐదు తరగతులు’గా ఎందుకున్నాయని పార్టీ పత్రికలోనే అడిగాడు. ఆ మాటకు మొదట విమర్శ సభలు పెట్టారు, తర్వాత జైల్లో వేశారు. 1947లో చంపేశారు. అలాంటి మనిషి వ్యాసం పాతికేళ్ళ తర్వాత ఒక పిల్లాడికి ఎలా దొరికింది? 1958లో పార్టీ సాహిత్య పత్రికే దాన్ని మళ్ళీ అచ్చువేసింది, ‘పునర్విమర్శ’ శీర్షిక కింద, ఎంత విషపూరితమైన రాతో జనానికి చూపించడానికి. తిట్టడం కోసం అచ్చువేసిన దాన్ని గావ్ హువా తిట్లు పక్కన పెట్టి చదివారు. తర్వాత జీవితమంతా ఆయన చేసిన పరిశోధన పద్ధతి దాదాపు ఇదే. అధికారిక ముద్రణలోనే దాగి ఉన్నదాన్ని బయటికి తీయడం.

గావ్ హువా 1954లో నాన్‌జింగ్‌లో పుట్టారు. తండ్రి 1949కి ముందు కమ్యూనిస్టు పార్టీ కోసం రహస్యంగా పనిచేసిన మనిషి. అయినా ‘మితవాది’ (పార్టీకి వ్యతిరేకి అన్న అర్థంలో) ముద్ర తప్పలేదు. 1957లో మొదలైన మితవాద వ్యతిరేక ఉద్యమంలో ఆ ముద్ర పడినవాళ్ళు దేశం మొత్తంలో దాదాపు 5.5 లక్షల మంది. ముద్ర తండ్రికే అయినా దాని బరువు పిల్లల మీద కూడా పడేది. 1963లో విదేశీ భాషల పాఠశాలలో చేరబోయిన గావ్ హువాకు సీటు రాలేదు. చదువులో లోటు ఏమీ లేదు, తండ్రి రికార్డే అడ్డం. తొమ్మిదేళ్ళ పిల్లాడికి రాజకీయ చరిత్రలో మొదటి పాఠం అక్కడే అయింది: నువ్వు ఎవరివో నీకంటే ముందు ఒక ఫైలు చెబుతుంది.

మావో చనిపోయాక, 1977 చివర్లో, విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలు మళ్ళీ పెట్టారు. పదేళ్ళుగా పొలాల్లో, ఫ్యాక్టరీల్లో ఇరుక్కుపోయిన ఒక తరమంతా ఒక్కసారిగా ఆ పరీక్షలకు కూర్చుంది. గావ్ హువా 1978లో నాన్‌జింగ్ విశ్వవిద్యాలయ చరిత్ర విభాగంలో చేరారు. అక్కడే చదివి అక్కడే పాఠాలు చెప్పారు. బయటి నుంచి చూస్తే చాలా సాదాసీదా ఉద్యోగ జీవితం. ఒకే ఊరు, దాదాపు ఒకే విశ్వవిద్యాలయం. లోపల మాత్రం ఒక ప్రశ్న ఆయన్ని వదల్లేదు. సాంస్కృతిక విప్లవంలో తను కళ్ళారా చూసిన గోడపత్రికలు, బహిరంగ సభల్లో అవమానాలు, ‘ఒప్పుకో’ అంటూ రాత్రంతా నిలబెట్టడాలు... ఇవన్నీ ఎక్కడ పుట్టాయి?

ఆయనకు దొరికిన జవాబు యెనాన్.

తెలుగు పాఠకులకు యెనాన్ కొత్త పేరు కాదు. డాక్టర్ కోట్నిస్ ఉన్న భారత వైద్య బృందం 1939లో చేరుకున్న ఊరు అదే. 1948లో తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగా ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం పార్టీ ముందు పెట్టిన పత్రంలో ఆధారంగా చూపిన మావో ‘నూతన ప్రజాస్వామ్యం’ 1940లో యెనాన్‌లోనే పుట్టింది. చైనా బయట మావో దారిని అంత తొందరగా, అంత సీరియస్‌గా తీసుకున్నవాళ్ళలో తెలుగు కమ్యూనిస్టులు ముందు వరసలో ఉన్నారు. ఇక 1970లో విప్లవ రచయితల సంఘం వచ్చాక, సాహిత్యం ఎవరి కోసం అనే చర్చ ఎక్కడ జరిగినా సాహిత్యం, కళల మీద మావో చేసిన యెనాన్ ప్రసంగాల ప్రస్తావన రాకుండా ఉండేది కాదు. ఆ ప్రసంగాలు 1942 మేలో చేసినవి. సరిగ్గా ఆ నెలల్లోనే ఆ ఊళ్ళో ‘దిద్దుబాటు ఉద్యమం’ నడుస్తోందని, వాంగ్ షీవెయ్ మీద సభలు వాటి వెనకాలే మొదలయ్యాయని మన దగ్గర జరిగిన చర్చల్లో చాలా తక్కువగా వినిపించింది. ప్రసంగాలు పత్రికలో అచ్చయింది 1943 అక్టోబర్‌లో, అంటే పదిహేడు నెలలు ఆలస్యంగా. 1950ల్లో మావో రచనల ఎంపిక సంపుటాల్లో చేర్చేటప్పుడు మళ్ళీ మార్పులు చేశారు. మన చేతికి వచ్చింది ఆ దిద్దిన పాఠం.

దిద్దుబాటు ఉద్యమం ఏమిటో రెండు మాటల్లో చెప్పుకోవాలి. 1942లో మావో పార్టీ సభ్యులందరి ఆలోచననూ సరిచేయాలని పిలుపిచ్చాడు. మాస్కోలో చదువుకొచ్చిన వాంగ్ మింగ్ వర్గం ‘పుస్తకాల పిచ్చి’ని వదిలించడం పైకి చెప్పిన లక్ష్యం. చదవాల్సిన పత్రాలు 22 అని లెక్కకట్టి ఇచ్చారు. ప్రతి కార్యకర్తా తన జీవిత చరిత్ర రాయాలి. ఎక్కడ పుట్టాడు, ఎవరితో తిరిగాడు, ఎప్పుడు ఏ తప్పుడు ఆలోచన వచ్చింది, అంతా. రాసింది చాలదంటే మళ్ళీ రాయాలి. మొదటిసారికీ మూడోసారికీ తేడా వస్తే ఆ తేడాకు సంజాయిషీ రాయాలి. ‘చిన్న ప్రసారాలు’ అని ఇంకో ఫారం ఉండేది. ఎవరి దగ్గర ఏ కబురు విన్నావు, దాన్ని ఎవరికి చెప్పావు అని అందులో నింపాలి. ఇద్దరు స్నేహితులు బావి దగ్గర మాట్లాడుకున్న మాట కూడా కాగితం మీదికి ఎక్కాల్సిందే.

1943 జూలైలో భద్రతా విభాగం అధిపతి కాంగ్ షెంగ్ ‘దారి తప్పినవాళ్ళను రక్షించండి’ అని పెద్ద సభలో ప్రసంగించాడు. దాంతో అది గూఢచారుల వేటగా మారింది. జపాన్ ఆక్రమణ నుంచి, కమ్యూనిస్టుల ప్రత్యర్థి పార్టీ కుమింతాంగ్ ఏలుబడిలోని ప్రాంతాల నుంచి ప్రాణాలకు తెగించి యెనాన్ చేరిన కాలేజీ కుర్రాళ్ళు, అమ్మాయిలే ఎక్కువగా దొరికిపోయారు. పది పదిహేను రోజుల్లో 1,400 మందికి పైగా గూఢచారులుగా తేలారని పార్టీ వైపు రచనల్లోనే ఉంది. అంతమంది గూఢచారులు ఎక్కడి నుంచి వచ్చారు? రాత్రీపగలూ నిద్ర లేకుండా ప్రశ్నిస్తే ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారు. ఒప్పుకున్నవాడు ఇంకో నలుగురి పేర్లు చెప్పాలి. ఆ తర్వాత చాలా కేసులు తప్పుడువని తేలింది, మావో స్వయంగా సభల్లో క్షమాపణ చెప్పాడు. పద్ధతి మాత్రం పోలేదు. 1957లో, 1966లో అదే పద్ధతి దేశమంతటా పరుచుకుందన్నది గావ్ హువా వాదన.

ఆయన నైపుణ్యం ఇక్కడ దగ్గర్నుంచి చూడాలి. యెనాన్ కాలపు అసలు ఫైళ్ళు బీజింగ్‌లోని కేంద్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. ముప్పై ఏళ్ళు దాటిన పత్రాలను సాధారణంగా చూడనివ్వాలని 1987లో చైనా చట్టం చేసింది. పార్టీ అంతర్గత వ్యవహారాల దగ్గరికి వచ్చేసరికి ఆ చట్టం పనిచేయలేదు. గావ్ హువా లాంటి మామూలు ఆచార్యుడికి ఆ తలుపు తెరుచుకునే ప్రశ్నే లేదు. ఆయన చేసిందల్లా అచ్చులో ఉన్నదాన్నంతా చదవడం. నాయకుల దినచర్య గ్రంథాలు, జిల్లాల పార్టీ చరిత్ర సంకలనాలు, రిటైరైన కార్యకర్తల జ్ఞాపకాలు, పాత పత్రికలు. 1980లు, 90లలో ఇలాంటివి వరదలా వచ్చాయి. సాంస్కృతిక విప్లవంలో దెబ్బతిన్న పెద్దలు తమ పరువు నిలబెట్టుకోవడానికి రాసుకున్నారు. ఎవరి పుస్తకంలో వాళ్ళు తమకు ఇబ్బంది లేని నిజాలు చెప్పారు. ఒకరు దాచింది ఇంకొకరి పుస్తకంలో బయటపడుతుంది. అన్నిటినీ పక్కపక్కన పెట్టి తేదీలు కలుపుతూ పోతే, ఎవరూ చెప్పదలచుకోని కథ కనిపిస్తుంది.

ఒక్క ఉదాహరణ చాలు. బో యీబో పార్టీ అగ్రనాయకుల్లో ఒకడు. 1990ల్లో ప్రభుత్వ ఆమోదంతో తన జ్ఞాపకాలు రాశాడు. యెనాన్‌కు వెంట తెచ్చుకున్న తల్లిని ఒక గుహ ఇంట్లో పెట్టాడు. ఒకరోజు ఆవిడ, ఇక్కడ ఉండలేను నాయనా, రాత్రయితే దయ్యాల్లా ఏడుపులు వినిపిస్తున్నాయి అంది. వెళ్ళి చూస్తే ఆ లోయలో ఆరేడు గుహల్లో వందమంది దాకా మనుషులున్నారు. చాలామందికి మతి చెడింది. కొందరు నవ్వుతున్నారు, కొందరు ఏడుస్తున్నారు. అందరూ ‘రక్షించ’బడ్డవాళ్ళే. పార్టీ పెద్ద రాసిన, పార్టీ అనుమతించిన పుస్తకంలో ఉన్న దృశ్యం ఇది. అదేదో విరోధి అల్లిన అబద్ధం అని కొట్టిపారేయడానికి వీల్లేదు. గావ్ హువా ఇలాంటి వాటిని కొన్ని వందలు ఏరి, ఒక్కోదాన్ని అడుగున సూచికతో కట్టి నిలబెట్టారు. పుస్తకంలో ఆవేశం తక్కువ, అధోజ్ఞాపికలు ఎక్కువ. భయం పుట్టించేది కూడా ఆ అధోజ్ఞాపికలే.

1991లో రాయడం మొదలుపెట్టి 1998లో పూర్తి చేశారు. ఏడేళ్ళు. ప్రభుత్వం నుంచి, రాష్ట్రం నుంచి, సొంత విశ్వవిద్యాలయం నుంచి కూడా ఒక్క పైసా పరిశోధన నిధి అడగలేదు. అడిగితే ప్రాజెక్టు పేరు రాయాలి, మధ్యలో నివేదికలివ్వాలి, చివర్లో ఎవరో ఆమోదించాలి. జీతంలోంచి పుస్తకాలు కొనుక్కోవడమే మేలనుకున్నారు. మధ్యలో ఒక ఏడాది వాషింగ్టన్‌లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం అధ్యయన కేంద్రంలో అతిథిగా ఉన్నారు. తర్వాత హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయంలోని అధ్యయన సేవా కేంద్రానికి వెళ్ళారు. 1963లో మొదలైన ఆ కేంద్రంలో చైనా స్థానిక పత్రికలు, జిల్లా చరిత్రలు, వార్షిక గ్రంథాలు బీరువాల నిండా ఉండేవి. చైనా లోపల ఒకచోట దొరకనివి అక్కడ చేయి చాపితే అందేవి.

పుస్తకం 2000లో హాంకాంగ్‌లోనే వచ్చింది. పేరు ‘ఎర్ర సూర్యుడు ఎలా ఉదయించాడు’. ‘ఎర్ర సూర్యుడు’ అంటే మావో అని చైనాలో పసిపిల్లాడికి కూడా తెలుసు. సూర్యుడు ఉదయించడం ప్రకృతి సిద్ధం కదా, దానికి ‘ఎలా’ అనే ప్రశ్న ఉంటుందా అన్నది అప్పటిదాకా అందరికీ అలవాటైన భావన. పేరులోనే ఆయన ఆ అలవాటును పక్కన పెట్టారు.

ప్రధాన భూభాగంలో నిషేధం పడింది. అయినా హాంకాంగ్‌లో మళ్ళీ మళ్ళీ అచ్చయింది. జిరాక్స్ కాపీలు, దొంగ ముద్రణలు, తర్వాత కంప్యూటర్ ఫైళ్ళు చేతులు మారాయి. 2002లో హాంకాంగ్ నుంచి వస్తున్న ఒక న్యాయవాది బ్యాగులోంచి బీజింగ్ విమానాశ్రయంలో కస్టమ్స్‌వాళ్ళు ఆ పుస్తకాన్ని తీసేసుకున్నారు. ఆయన ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. కింది కోర్టులో ఓడి, 2003లో పై కోర్టులో గెలిచారు. చైనాలో ఒక నిషిద్ధ పుస్తకం పాఠకుడు ప్రభుత్వ శాఖ మీద కేసు గెలవడం చిన్న విషయం కాదు. నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంత కటువుగా ఎందుకు? మావోను విమర్శించడం వల్ల అనుకుంటే సగమే అర్థమైనట్టు. 1981లో పార్టీయే ఒక తీర్మానంలో సాంస్కృతిక విప్లవాన్ని తప్పు పట్టింది, అందులో మావో బాధ్యతను ఒప్పుకుంది. యెనాన్ సంగతి వేరు. అది పార్టీకి పుణ్యక్షేత్రం. పైగా దిద్దుబాటు ఉద్యమం చివర్లో, 1945 ఏప్రిల్‌లో, పార్టీ తన మొదటి ‘చారిత్రక తీర్మానం’ ఆమోదించింది. గతంలో ఎవరిది సరైన దారి, ఎవరిది తప్పుడు దారి అని ఓటు వేసి తేల్చిన పత్రం అది. చరిత్రను నిర్ణయించే హక్కు పార్టీ కేంద్రానిది అన్న సూత్రం పుట్టింది అక్కడే. 1981లో రెండోది, 2021లో మూడోది అదే వరసలో వచ్చాయి. చరిత్ర రాయడం చరిత్రకారుల చేతుల్లోంచి ఎలా పోయిందో ఒక చరిత్రకారుడు వివరించారు. నొప్పి తగిలిన చోటు అదని అనుకోవడానికి గట్టి కారణాలున్నాయి.

పుస్తకం మీద వచ్చిన విమర్శల్లో బలం లేకపోలేదు. ప్రతి మలుపులోనూ మావో ఎత్తుగడే కనిపించేలా రాశారని, జపాన్‌తో యుద్ధం, దిగ్బంధంలో ఆకలి, నిజంగానే గూఢచారుల భయం ఉన్న పరిస్థితి వెనక్కి పోయాయని కొందరు పండితులు అన్నారు. మావోతో పోటీలో ఓడిపోయిన వాంగ్ మింగ్, జాంగ్ గువోతావ్ లాంటివాళ్ళ జ్ఞాపకాలను వాడుకున్న తీరు మీద కూడా అభ్యంతరాలున్నాయి. మనసులో ఏముందో చెప్పే పత్రం లేనప్పుడు పనుల వరసను బట్టి ఉద్దేశాన్ని ఊహించడం తప్పదు. ఆ ఊహ కొన్నిచోట్ల మరీ నిక్కచ్చిగా వినిపిస్తుంది. అసలు ఫైళ్ళు తెరిస్తే గావ్ హువా కొన్నిచోట్ల తప్పని తేలవచ్చు. అలా తేలాలని కోరుకునే మొదటి మనిషి ఆయనే అయి ఉండేవారు. ఫైళ్ళు దాచిపెట్టి, ఆధారాలు చాలవని ఆయన్ని తప్పుపట్టడం మాత్రం న్యాయం కాదు.

ఇదే ప్రశ్నను బయటి నుంచి పట్టుకున్న రాడరిక్ మెక్‌ఫార్క్వర్ జీవితం పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1930లో లాహోర్‌లో, బ్రిటిష్ ఇండియా సివిల్ సర్వీస్ అధికారి ఇంట్లో పుట్టారు. విలేకరి, 1960లో మొదలైన ‘చైనా క్వార్టర్లీ’ తొలి సంపాదకుడు, 1974 నుంచి 1979 దాకా బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు, 1984 నుంచి హార్వర్డ్‌లో ఆచార్యుడు. సాంస్కృతిక విప్లవపు మూలాల మీద ఆయన మూడు సంపుటాలు 1974, 1983, 1997లలో వచ్చాయి. ఆయనకూ పురాభిలేఖాలు దొరకలేదు. ఆయనా పత్రికలు, ప్రసంగాలు వడగట్టే రాశారు. ఆయన మూలాలను 1956 దగ్గర మొదలుపెడితే, గావ్ హువా 1930లలోని జియాంగ్‌షి కొండల దాకా, పార్టీలో జరిగిన తొలి ప్రక్షాళనల దాకా వెనక్కి వెళ్ళారు. బయటివాడికి అది ప్రభుత్వం నడిచిన తీరు. లోపలివాడికి ఒక అలవాటు. మనుషులు ఒకరినొకరు ఎలా చూడాలో నేర్పిన అలవాటు. ఒకరి పుస్తకానికి పేరున్న బహుమతి వచ్చింది. ఇంకొకరి పుస్తకం సొంత విద్యార్థుల దగ్గరికి దొంగచాటుగా వెళ్ళింది.

గావ్ హువా ఆ తర్వాత కూడా ఆగలేదు. వర్గ మూలం పేరుతో మనుషులను ఎలా విడదీశారన్న దాని మీద, 1950ల సమాజం మీద వ్యాసాలు రాశారు. వాటిలో కొన్ని చైనాలోనే సంపుటాలుగా వచ్చాయి. క్లాసుల్లో విద్యార్థులు కిక్కిరిసి కూర్చునేవారు. చివరి సంవత్సరాలు కాలేయ క్యాన్సర్‌తో గడిచాయి. 2011 డిసెంబర్ 26న, 57 ఏళ్ళ వయసులో నాన్‌జింగ్‌లో కన్నుమూశారు. డిసెంబర్ 26 మావో పుట్టినరోజు. ఇంగ్లిష్ అనువాదం 2018లో గానీ రాలేదు.

ఆయన పోయాక పరిస్థితి ఇంకా బిగిసింది. 2004లో కొంత తెరిచిన విదేశాంగ శాఖ పత్రాలు 2013 నాటికి చాలా వరకు మళ్ళీ మూతపడ్డాయి. ‘చారిత్రక శూన్యవాదం’, అంటే పార్టీ చెప్పిన చరిత్రను కాదనడం, పార్టీ వాడుకలో పెద్ద నేరం అయింది. వీరులను, అమరులను కించపరిస్తే మూడేళ్ళ దాకా జైలు అని 2021లో శిక్షాస్మృతిలో చేర్చారు. హాంకాంగ్‌లో ఆయన కూర్చుని చదువుకున్న కేంద్రం అదే ఏడాది విడి సంస్థగా లేకుండా పోయింది. దాని పుస్తకాలను విశ్వవిద్యాలయ లైబ్రరీలో కలిపేశారు. బో యీబో రాసినట్టు తల్లి విన్న ఏడుపుల గురించి రాసే పెద్దనాయకులు ఇప్పుడు లేరు. ఉన్నా అచ్చువేసేవాళ్ళు లేరు. గావ్ హువా పద్ధతికి తిండి అచ్చు కాగితం. అదే కరువైంది.

అందుకే కొందరు పరిశోధకులు పాత సామాన్ల అంగళ్ళ బాట పట్టారు. కార్యాలయాలు ఖాళీ చేసేటప్పుడు బయట పడేసిన కాగితాలు తూకానికి అమ్ముడై, బీజింగ్‌లోని పాన్‌జియాయువాన్ లాంటి సంతలకు చేరతాయి. పసుపు పట్టిన కవర్లలో ఎవరెవరివో ఫైళ్ళు, ఎవరో తమ తప్పులు ఒప్పుకుంటూ చేతిరాతతో రాసిన పేజీలు, అంచున ఎర్ర సిరాతో ‘స్పష్టంగా లేదు, మళ్ళీ రాయి’ అన్న ధోరణి వ్యాఖ్యలు. యెనాన్ గుహల్లో మొదలైన ఆ స్వీయచరిత్రల అలవాటు దేశమంతా పాకి మిగిల్చిన కాగితం అది. బేరమాడి కొనుక్కుని, సంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తున్నారు.